విప్పిన చెయ్యి

"గంటసేపు అలా తిరగనివ్వు సాయిబూ, నేను భోంచేసి వస్తా" అనేసి భానుచందర్ కారెక్కి వెళ్ళిపోయాడు. వచ్చినప్పుడూ మొహం చూడలేదు, వెళ్ళేటప్పుడూ చూడలేదు. చూసుంటే గుర్తుపట్టేవాడా? ఎనిమిదేళ్ళయింది, గడ్డం నెరిసింది, పొట్ట లోపలికి పోయింది, అయినా పేరు పెట్టి పోలీసులకి అప్పజెప్పిన మనిషిని ఎవరైనా మర్చిపోతారా? మర్చిపోతారు కాబోలు. అప్పజెప్పినవాడు మర్చిపోతాడు, మూడు రోజులు స్టేషన్ గోడకి వీపు ఆనించి కూర్చున్నవాడికే గుర్తుంటుంది, అనుకున్నాడు నిసార్ అహ్మద్. ఆటోనగర్‌లో మార్కండేయులు గారి షెడ్డు ముందు, రేకుల నీడ సగం పడీ పడని చోట, ఆ పాత లారీ నిలబడి గుడగుడలాడుతోంది. మసి కరిగించే మందు డీజిల్ ట్యాంకులో ఒక డబ్బా, ఇంజన్ ఆయిల్లో ఒక డబ్బా, రెండూ నిసారే పోశాడు, అడుగున చుక్క కూడా మిగలకుండా పోశాడు. భానుచందర్ ఫోన్లో ఏదో వీడియో చూశాడట. అందులో మసిబారిన పిస్టన్ పాలగిన్నెలా తెల్లగా అయిపోయిందట. ఇది పోస్తే లోపలి కార్బన్ మొత్తం కరిగి పొగగొట్టంలోంచి పోతుందట, బండి మళ్ళీ కొత్తదానిలా లాగుతుందట. "చాంబర్లు విప్పడాలు, జల్లెడలు కడగడాలు, అవేం పెట్టుకోకు. గంట తిప్పు, ఆయిల్ మార్చు, అంతే. సాయంత్రానికి చెరుకు లోడుతో ఫ్యాక్టరీ లైన్లో ఉండాలి నా బండి" అన్నాడు. నిసార్ "అలాగేనండి" అన్నాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఇలాంటి మాటకి ఎదురు చెప్పకుండా అలాగేనండి అనడం అతనికి ఇదే మొదటిసారి.

ఎందుకంటే ఇంకెవరు ఈ డబ్బా పట్టుకొచ్చినా అతను తిట్టి మరీ చెప్పేవాడు. కొత్త ఇంజన్ అయితే పొయ్యండి, తప్పులేదు, మంచిదే. ఇరవై ఏళ్ళు కాలిన ఇంజన్లో మసి పంచదారలా కరగదండీ, గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, ఊడిందంతా కిందికి దిగి ఆయిల్ చాంబర్లో పడుతుంది, చాంబర్లో పంపు మూతికి జల్లెడ ఉంటుంది, ఆ పెచ్చులన్నీ దానికి అడ్డం పడితే ఆయిల్ పైకెక్కదు, ఎక్కకపోతే లోడు మీద బేరింగులు ఎండిపోయి ఇంజన్ అక్కడికక్కడే పట్టేస్తుంది. పావు డబ్బా పొయ్యండి, నాలుగు రోజులు తిప్పండి, ఆయిల్ మార్చండి, మళ్ళీ పావు. లేదూ ఒక్కసారే అవ్వాలంటే తిప్పాక చాంబర్ దింపి జల్లెడ కడగాల్సిందే. ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాడు. మింగుతుంటే ఎంత తియ్యగా ఉందో, ఎండాకాలం చెరుకురసం తాగినట్టు దిగింది గొంతులోంచి.

అతను ఇంజన్ని ముందే గుర్తుపట్టాడు. క్యాబిన్ కొత్తది, ముందుభాగం మొత్తం మార్చేశారు, అద్దం మీద తామరపువ్వులు, వెనకాల ఎవరో పాప బొమ్మ, నెంబరు కూడా కొత్తగా రాయించారు. మనిషి పోయాక బండికి కొత్త మొహం పెట్టుకుంటారు. కానీ ఇంజన్ని ఎవరు మార్చారు? టాపెట్ కవరు మీద ఎడమవైపు చివరి బోల్టు ట్రాక్టరుది. సైజు కుదరక, ఆకురాయి పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా అరగదీసి తనే బిగించాడు. అప్పుడు పక్కన స్టెప్నీ మీద కూర్చుని అప్పటి డ్రైవరు ఎలీషా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ పాటలు పాడాడు, చర్చి పాటలే, రాగం మాత్రం వాడి సొంతం. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని విన్నాడు నిసార్. మూడో సిలిండర్ దగ్గర ఆ చిన్న తడబాటు అలాగే ఉంది. దగ్గుతోంది భాయ్ ముసల్ది, దీనికి మిరియాల కషాయం పట్టాలి, అనేవాడు ఎలీషా. ఇప్పుడు పట్టాన్రా, రెండు డబ్బాలు పట్టాను, లోపల ఊడుతున్న చప్పుడు నీకు వినపడుతోందా?

వాడి పెళ్ళాం సంపూర్ణమ్మ చేపల పులుసు పంపేది, స్టీలు క్యారియర్లో, మామిడికాయ ముక్కలేసి. ఇంట్లో తన భార్య సాలేహా ఆ క్యారియర్ని ఖాళీగా పంపకూడదని సేమ్యా పెట్టి పంపేది. ఏళ్ళ తరబడి ఆ క్యారియర్ ఉయ్యూరికీ విజయవాడకీ మధ్య తిరిగింది. చివరిసారి ఎవరింట్లో ఆగిపోయింది? మనింట్లోనే. సాలేహా దాన్ని అటక మీద పెట్టింది, పారెయ్యదు, వాడదు. ఎనిమిదేళ్ళు.

ఆ రోజు కూడా ఇలాగే మిట్టమధ్యాహ్నం. అప్పుడు సొంత షెడ్డు ఉండేది, నాలుగో రోడ్డులో, చిన్నదే, రేకు మీద తన పేరుండేది. బ్రేకు డ్రమ్ము విప్పి చూస్తే లైనింగులు రివెట్ల దాకా అరిగిపోయాయి. భానుచందర్‌కి చూపించాడు, వేలుపెట్టి మరీ చూపించాడు. ఇవాళ బండి తియ్యకండి, రేపు సాయంత్రానికి కొత్తవి వేసిస్తాను, అన్నాడు. కంకర లోడు ఒక్క ట్రిప్పేనయ్యా, వచ్చాక వేద్దాం, డ్రమ్ము బిగించెయ్ అన్నాడు భానుచందర్. బిగించాడు. ఎలీషా టీ తాగి అప్పుడే వచ్చాడు, మూతి తుడుచుకుంటూ. "అంతా బానే ఉందా భాయ్?" అనడిగాడు. అదీ, అక్కడ, అక్కడే. బండి జబ్బు ఓనరుకే చెప్పాలి, డ్రైవరుకి చెప్పకూడదు. ఆటోనగర్‌లో పని నేర్చుకున్న ప్రతివాడికీ నట్లూ బోల్టులతో పాటు నేర్పే మాట అది. డ్రైవరుకి చెబితే బండి దిగిపోతాడు, ఓనరుకి కోపం వస్తుంది, షెడ్డుకి రావడం మానేస్తాడు. నిసార్ ఏమన్నాడు? "ఓనరు గారితో మాట్లాడాన్లే" అన్నాడు. అంతే. ఎలీషా నవ్వి ఎక్కాడు. మైలవరం అవతల వాలులో లారీ ఆగలేదు, కల్వర్టు గోడకి కొట్టుకుంది. ఓనరు గారితో మాట్లాడాన్లే. ఆ మూడు చెత్త ముక్కల్ని ఎన్ని వేలసార్లు వెనక్కి లాక్కున్నాడో లెక్కలేదు, రావు.

వద్దు, అటు పోకు, ఆ భానుచందర్ సంగతి చూడు. వాడేం చేశాడు? పోలీసులు అడిగితే, మధ్యాహ్నమే మెకానిక్ నిసార్ బ్రేకులు చూసి బాగున్నాయన్నాడండీ, నాకేం తెలుసండీ, అన్నాడు. కళ్ళొత్తుకున్నాడట కూడా. జిల్లా పేజీలో రెండు లైన్లు వేశారు, మెకానిక్ నిర్లక్ష్యం అని. మార్చురీ మెట్ల దగ్గర సంపూర్ణమ్మ నిసార్ చొక్కా పట్టుకుంది. కొట్టలేదు, తిట్టలేదు, కొట్టినా బాగుండేది. "బ్రేకులు చూశావంటగా అన్నయ్యా, చూసే పంపావా?" అంది. చూశానమ్మా, చెప్పానమ్మా, ఓనరుకి చెప్పాను. ఆ మాట నోట్లోంచి వచ్చేలోపు, మరి ఆయనకెందుకు చెప్పలేదు అని ఆవిడ అడుగుతుందేమోనన్న భయం అడ్డం పడింది. నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోరు ఒప్పుకున్నట్టే అయింది. తర్వాత లారీలు తగ్గాయి, షెడ్డు పోయింది, బ్రేకుల నిసార్ అని పేరొచ్చింది, వెనకాల అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అన్నారు. ఇవన్నీ వాడు చేసినవే. వాడు మాత్రం చెరుకు సీజన్లో చెరుకు, కంకర సీజన్లో కంకర తోలుకుంటూ, చేతికి రాళ్ళ ఉంగరాలు పెట్టుకుని, సాయిబూ గంట తిరగనివ్వు అంటాడు. తిరుగుతోందయ్యా భానుచందర్, నీ గంట తిరుగుతోంది.

నిసార్ తలెత్తి గోడ గడియారం చూశాడు. అరగంట దాటింది. పొగ ముందు బొగ్గులా వచ్చింది, ఇప్పుడు బూడిదరంగుకి తిరిగింది, చూసేవాళ్ళకి మందు పనిచేస్తోందనే అనిపిస్తుంది. పని చేస్తోంది కూడా. క్యాబిన్లోకి తొంగిచూసి ఆయిల్ ప్రెషర్ చూపే ముల్లు చూశాడు, ఇందాకటికంటే కొంచెం కిందికి దిగింది, మరీ కాదు, గోరంత. ఆ గోరంత చూసి అతని ఒళ్ళు వేడెక్కింది. ఎక్కడ పట్టేస్తుంది? తోట్లవల్లూరు వైపు లంకల్లో లోడెత్తుకుంటారు, అక్కణ్ణుంచి కరకట్ట ఎక్కాలి, ఆ ఎక్కుడు దగ్గర ఇంజన్ ప్రాణం పెట్టి లాగాలి, అక్కడ ఆగకపోతే కట్ట మీద ఎక్కడో, ఫ్యాక్టరీ పొగ కనపడే దూరంలో. చెరుకు ఎండుతుంది, రైతు ఫోన్ మీద ఫోన్ చేస్తాడు, వెనక ట్రాక్టర్లన్నీ హారన్లు కొడతాయి, వాడు నడిరోడ్డు మీద ఉంగరాల చేతులు నెత్తిన పెట్టుకుని నిలబడతాడు. క్రాంకు, బేరింగులు, బోరు, అన్నీ పోతాయి. ఇనుప సామాన్లవాడికి తూకానికి వేసుకోవాలి. అప్పుడు నేను ఏమంటాను? మీరు చెప్పినట్టే చేశానండీ అంటాను. నాకేం తెలుసండీ అంటాను. వాడి మాటే వాడికి తిరిగిచ్చేస్తాను. ఎంత అందంగా ఉంది! ఎనిమిదేళ్ళు నమాజులో కూర్చుని కూడా మనసులో వాడి మెడ పిసికాడు, తర్వాత తప్పయిందని తోబా చెప్పుకున్నాడు, మళ్ళీ పిసికాడు. ఇప్పుడు చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

కూర్చున్నాడు. లోపల బెంచీ మీద మార్కండేయులు గారు కునుకు తీస్తున్నారు, చేతివేళ్ళు నిద్రలో కూడా కదులుతున్నాయి. మంగళగిరిలో మగ్గం మీద పుట్టి పెరిగిన మనిషి, ఇనుములోకి వచ్చి నలభై ఏళ్ళయినా తెగిన పోగు వెతికే అలవాటు పోలేదు. షెడ్డు పోయిన వారానికి ఆయనే కబురు పెట్టాడు. ఆ బ్రేకుల సంగతి చెప్తానండీ అంటే, మీ చేతిపని నాకు తెలుసు, పానాలు అక్కడున్నాయి, అన్నాడు. ఇంకేం అడగలేదు. ఆ మనిషి షెడ్డులోనా ఇది చేస్తున్నది? చేస్తున్నా. ఆయనకి చెడ్డపేరొస్తే? రాదు, నా పేరు మీద పోతుంది, నా పేరుకి ఇంకేం పోవాలి గనక. ముల్లు ఇంకో గోరంత దిగింది.

"భాయ్" అని పిలుపు. బండి డ్రైవరు, దుర్గాశంకర్, నలభై దాటినవాడు, ఇందాకణ్ణుంచీ వేపచెట్టు నీడన ఫోన్లో కూతురితో మాట్లాడుతున్నాడు. లెక్కల పరీక్ష ఎలా రాశావు, భయపడకు, వచ్చేటప్పుడు పునుగులు తెస్తా అని. ఇప్పుడు లేచి తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఇదిగో, ఈ శబ్దం కొంచెం మారినట్టుంది కదా? నాకలా అనిపిస్తోంది గానీ."

నిసార్ ముల్లు వైపే చూస్తున్నాడు.

"ఓనరు గారు కార్లో ముందు పోతారంట. నేను లంకలోకి పోయి లోడెత్తుకుని కట్టెక్కాలి. కట్ట మీద ఆగిందంటే చచ్చానే, ఒక పక్క ఏరు, ఒక పక్క కాలవ. అంతా బానే ఉందా భాయ్?"

ఆ మాట వినగానే నిసార్ చెవుల్లో ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఆగలేదు, ఇంజను తిరుగుతూనే ఉంది, అతనికే వినపడటం మానేసింది. ఓనరు గారితో మాట్లాడాన్లే అనాలి ఇప్పుడు. నాలుక మీదే ఉంది, ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. వాడు కార్లో పోతాడా? ముందు పోతాడా? పోతాడు మరి, వాడెప్పుడు లారీలో కూర్చున్నాడు గనక. నేను కరకట్టంతా ఊహించుకున్నాను, పొగ ఊహించుకున్నాను, ట్రాక్టర్ల హారన్లు ఊహించుకున్నాను, స్టీరింగు ముందు మనిషిని మాత్రం ఊహించుకోలేదు. ఎక్కుడులో లోడు మీద ఇంజన్ పట్టేస్తే బండి వెనక్కి జారుతుంది. ఈయన పోతాడు. అప్పుడు వాడేమంటాడు? మెకానిక్ నిసారే చూశాడండీ, నాకేం తెలుసండీ అంటాడు. పోలీసులు వస్తారు. ఈసారి అది నిజం. వాడి అబద్ధానికి ఎనిమిదేళ్ళ తర్వాత నేనే సంతకం పెట్టి ఇస్తున్నాను. నా చేత్తో, నాకు నేనుగా. అరే, వాడు నన్ను ఏమన్నాడో అదే అయిపోతున్నానే!

"కాదు. బాగా లేదు. ఈ బండి ఎక్కావంటే చస్తావు" అన్నాడు నిసార్. ముప్పై ఏళ్ళలో ఒక డ్రైవరుకి అతను బండి జబ్బు చెప్పడం అదే మొదలు. చేయి చాపి ఇంజన్ ఆపేశాడు. షెడ్డు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, లోపల మార్కండేయులు గారు కళ్ళు తెరిచారు. "ఆ గోనెపట్టా ఇలా పరుచు" అన్నాడు దుర్గాశంకర్‌తో.

తర్వాత అతని చేతులు పనిచేశాయి, కోపంతో పనిచేశాయి. కాలే ఆయిల్ కాలుతుండగానే వదిలాడు, నల్లగా, ముద్దలు ముద్దలుగా దిగింది. చాంబర్ బోల్టులు ఒక్కొక్కటీ పట్టా మీద పడ్డాయి, చాంబర్ దిగింది, ఆయిల్ పంపు ఊడింది. దాని మూతికున్న జల్లెడ పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. నాలుగు కన్నాలు మిగిలాయి. మిగతాదంతా మసి పెచ్చులు, వేలితో నొక్కితే కరకరమన్నాయి. నాలుగు కన్నాలతో కట్ట ఎక్కేదన్నమాట. దుర్గాశంకర్ అది చూసి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని పక్కకెళ్ళి కూర్చున్నాడు. ఇప్పుడు కడిగి, కొత్త ఆయిల్ పోసి బిగించేస్తే అరగంట పని, లారీ సాయంత్రానికి నిజంగానే లైన్లో ఉంటుంది. నిసార్ జల్లెడని పట్టా మీద పెట్టి, పానాలు తుడిచి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాళ్ళు చాపాడు. కోపం పోయిందా? ఎక్కడికి పోతుంది? ఎటు వెళ్ళాలో దానికి ఇప్పుడు తెలిసింది. ఆటోనగర్‌లో ఒకరు విప్పిన ఇంజన్ని ఇంకొకరు ముట్టుకోరు. విప్పినవాడు నేను వదిలేశాను అంటే తప్ప ముట్టుకోరు. ఆ మధ్య ఎవరో తాగుబోతు మేస్త్రీ హెడ్డు విప్పి ఊరెళ్ళిపోతే, వాడు తిరిగొచ్చేదాకా పది రోజులు ఆ బండి రోడ్డు మీదే ఉంది, అన్ని షెడ్లవాళ్ళూ చూస్తూ టీ తాగారు. రా భానుచందర్, భోంచేసి నిదానంగా రా.

వచ్చాడు. కారు దిగి, పట్టా మీద పరిచిన సామాను చూసి ఆగిపోయాడు.

"ఏంటిది? ఎవడు విప్పమన్నాడు నిన్ను?"

"ఎవరూ అనలేదండి. నేనే విప్పాను."

"తమాషాగా ఉందా? అరగంటలో బిగించు. ఏయ్ సాయిబూ, నీకే చెప్పేది."

"ఒకసారి నా మొహం చూసి చెప్పండి భానుచందర్ గారూ."

చూశాడు. ముందు విసుగ్గా చూశాడు, తర్వాత కనుబొమలు దగ్గరకొచ్చాయి, తర్వాత ఉంగరాల చెయ్యి కారు తలుపు మీద ఆనింది. అది చూడటానికే అయితే ఎనిమిదేళ్ళు ఎక్కువేం కాదు, అనుకున్నాడు నిసార్. భానుచందర్ గబగబా లోపలికెళ్ళాడు. మార్కండేయులు గారి గొంతు నెమ్మదిగా వినిపించింది. "విప్పింది ఆయనండి. ఆయన వదిలానంటే నేను పట్టుకుంటా. అనకపోతే నా షెడ్డే అయినా నేను చెయ్యి పెట్టను. ఊరికే అలా కూర్చునే మనిషి కాదండి, సంగతేంటో ఆయన్నే అడగండి." భానుచందర్ పక్క షెడ్డుకెళ్ళాడు, ఎదురు షెడ్డుకెళ్ళాడు. రెండుచోట్లా ఒకటే ప్రశ్న అడిగినట్టున్నారు, ఎవరు విప్పారండీ అని. రెండుచోట్లా జవాబు విని నవ్వి, గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. తాడు కట్టి ఇంకో ఊరు లాక్కెళ్తే వారం పడుతుంది. ఫోను మోగుతోంది, చెరుకు రైతు కాబోలు. తిరిగొచ్చేసరికి అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఏం కావాలి నీకు? చెప్పు, ఎంతో చెప్పు."

"ఉయ్యూరు వెళ్దాం. లైనింగులు అరిగాయని నేను మీకు చూపించానని, బండి తియ్యొద్దన్నానని, మీరే తీయించారని సంపూర్ణమ్మకి చెప్పండి. మీరు చెప్తుంటే పక్కన నిలబడి నేను వినాలి. విన్నాక వచ్చి బిగిస్తాను."

"సంపూర్ణమ్మ ఎవరు?" అన్నాడు భానుచందర్.

నిసార్ స్టూలు మీంచి లేచాడు. పానా ఎప్పుడు చేతిలోకి వచ్చిందో అతనికే తెలీదు. మార్కండేయులు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. దుర్గాశంకరే అన్నాడు, ఇందాకటి నల్ల ముద్దల్ని చూస్తూ, తన ఓనరు వైపు చూడకుండా: "ఈ బండి మీద పోయినాయన భార్య కదండీ. నేను చేరిన రోజే క్లీనరు చెప్పాడు నాకు."

భానుచందర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఫోను మళ్ళీ మోగింది, ఈసారి కట్ చేశాడు. "నాకు వాళ్ళ ఇల్లు తెలీదు" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నాకు తెలుసు. చర్చి వెనక సందు." ప్రతి ఏడూ ఎలీషా పోయిన తారీఖున బస్సెక్కి ఆ సందు మొదటిదాకా వెళ్ళి, అక్కడ టీకొట్టు దగ్గర నిలబడి వెనక్కి వచ్చేస్తాడు, ఆ సంగతి సాలేహాకి కూడా తెలీదు.

భానుచందర్ కారు తలుపు తెరిచి, ఎక్కబోతూ ఆగాడు. ఓడిపోతున్నవాడికి ఆఖర్న ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది. అతనికీ దొరికింది. "నేను చెప్తాలే. నాకు చెప్పావు, నిజమే, నేనే విన్లేదు. మరి వాడికి చెప్పావా నువ్వు? ఎలీషాకి? నీ కళ్ళముందే కదయ్యా ఎక్కాడు. ఆవిడ అది అడిగితే ఏం చెప్తావు?"

వీధిలో ఎక్కడో సుత్తి దెబ్బలు పడుతున్నాయి. నిసార్ పానా పట్టా మీద పెట్టాడు, జల్లెడ పక్కనే పెట్టాడు. సబ్బుపొడి పోసుకుని మోచేతుల దాకా చేతులు రుద్దుకున్నాడు. మసి గోళ్ళ కింద అలాగే ఉండిపోయింది.

"చెప్పలేదు" అన్నాడు. "అది నేను చెప్తాను. ముందు మీరు చెప్పండి."

వెళ్ళి ముందు సీట్లో భానుచందర్ పక్కనే కూర్చున్నాడు.